మెయిన్‌లో వచ్చిందా, మినీలోనా?

మొన్న సాయంత్రం అనంతపురం బస్టాండులో కదిరి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద పెట్టుకొచ్చిన మల్లెమొగ్గల బుట్టలు దించుతున్నారు. తడి గోనెపట్టల కింద నుంచి మొగ్గల వాసన, దాని మీదికి కమ్ముకొస్తూ డీజిల్ పొగ. ఈ రెండూ కలిసి ముక్కుకు తగిలితే, జిల్లా పత్రికల్లో పనిచేసిన పాతవాళ్లకు ఠక్కున గుర్తొచ్చేవి వార్తల కవర్లు, ఊళ్ల నుంచి విలేకరులు బస్సుల్లో పంపేవి.

కదిరి కవరు ఎప్పుడూ మల్లెపూల వాసనతోనే వచ్చేది. మడకశిర కవరు వక్కల మూటల పక్కన కూర్చుని వచ్చేది. తాడిపత్రి కవరు మీద బండల పాలిష్ దుమ్ము. హిందూపురం కవరుకు ఒక్కోసారి చింతపండు అంటుకుని ఉండేది. డెస్క్‌లో, అంటే వార్తలు దిద్దే బల్ల దగ్గర, కూర్చున్నవాళ్లు పైన ఊరిపేరు చదవకుండానే ఏది ఎక్కడిదో చెప్పేవాళ్లు. కదిరి ఇప్పుడు ఈ జిల్లాలోనే లేదు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పూల బుట్టలు మాత్రం ఇంకా ఇదే బస్సుకు వస్తున్నాయి.

కవరు ప్రయాణం

మండల కేంద్రంలో కంట్రిబ్యూటర్, అంటే స్థానిక విలేకరి, ఉండేవాడు. పొద్దున బడిపంతులో, ఎల్ఐసీ ఏజెంటో, మందుల షాపు యజమానో. చాలా ఊళ్లలో పేపరు ఏజెంటే విలేకరి కూడా. ఆయనకు ఆఫీసు నుంచి నెలకు ఇన్ని అని న్యూస్‌ప్రింట్ ప్యాడ్లు వచ్చేవి. రీలు చివర మిగిలిన కాగితాన్ని కోసి, ఒక అంచుకు జిగురు పూసి కుట్టిన ప్యాడ్లు అవి. ఇంకు పెన్నుతో రాస్తే ఆ కాగితం పీల్చేసుకుంటుంది, పైగా వాన చినుకు పడితే అక్షరం మిగలదు. అందుకని బాల్‌పెన్నుతోనే రాయాలి. కాగితానికి ఒక వైపే రాయాలి. పైన నాలుగో వంతు ఖాళీ వదలాలి, అక్కడ హెడ్డింగు డెస్క్‌వాళ్లు పెట్టుకుంటారు. ఎడమ పక్క రెండు వేళ్ల మార్జిన్. వరసకూ వరసకూ మధ్య ఇంకో వరస పట్టేంత చోటు.

ఒక వైపే ఎందుకంటే, పెద్ద వార్త వస్తే ఆ కాగితాన్ని కత్తెరతో మూడు నాలుగు ముక్కలు చేసి తలా ఒకరికి కంపోజింగుకు ఇచ్చేవాళ్లు. వెనక వైపు కూడా రాసి ఉంటే ఆ సగం గాలికి పోయినట్టే. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారంలో ఈ తప్పు చేసేవాడు.

ఫొటో ఉంటే ఫిల్ము రీలు కడగకుండానే నల్ల డబ్బాలో పెట్టి, దాని మీద తెల్ల ప్లాస్టరు అంటించి ఎన్నో ఫ్రేము నుంచి ఎన్నో ఫ్రేము వరకు ఏమిటో రాసేవాళ్లు. అన్నీ కలిపి ఖాకీ కవరులో పెట్టి, మైదా జిగురుతో మూసి, పైన ఎర్ర అక్షరాల్లో పత్రిక పేరు, కింద 'అత్యవసరం'. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల బస్సుకు అందించాలి.

ఆర్టీసీ డ్రైవర్లు దీనికి పైసా తీసుకునేవాళ్లు కాదు. రోజూ ఒక పేపరు, జనవరిలో ఒక క్యాలెండరు, అంతే ఒప్పందం. అనంతపురం బస్టాండు గోడకు ఒక్కో పత్రికదీ ఒక్కో ఇనప డబ్బా వేలాడేది, పేరు రాసి, తాళం వేసి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆఫీసు కుర్రాడు అరగంటకోసారి సైకిలు మీద వచ్చి డబ్బా తెరిచి తీసుకుపోయేవాడు.

ఎక్కడ తప్పేదంటే, డిపో దగ్గర డ్రైవర్ల డ్యూటీ మారేటప్పుడు. దిగిపోయే డ్రైవరు కొత్తాయనకు కవరు సంగతి చెప్పడం మరిచిపోతే అది సీటు కింద పడి బళ్లారికో బెంగళూరుకో పోయి మర్నాడు తిరిగొచ్చేది. ఊళ్లో పెద్ద గొడవ జరిగి, తెల్లారి పేపర్లో ఒక్క ముక్క కూడా రాలేదంటే జనం ముందు అనుమానించేది విలేకరినే. ఎవరి దగ్గరో డబ్బులు తీసుకుని వార్త తొక్కేశాడని. పాపం కవరు అప్పటికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో ఉండేది.

కళ్లా, కాళ్లా

కవరు అందదనుకుంటే తంతి, లేకపోతే ఫోను. ప్రెస్ టెలిగ్రాముకు మామూలు తంతి కంటే రేటు తక్కువ ఉండేది. బేరింగ్ కార్డు ఉన్న విలేకరి డబ్బు కట్టకుండానే పంపేవాడు, ఆఫీసు తర్వాత కట్టుకునేది. చిక్కేమిటంటే, ఇంగ్లీషులో రాయడం రాని విలేకరి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చేవాడు. అక్కడ దీర్ఘాలు లేవు. బస్సు బోల్తా పడింది, ఇద్దరికి కె, ఎ, ఎల్, ఎల్, యు పోయాయి. కళ్లా, కాళ్లా? మూడో అర్థం కూడా ఉంది గానీ అది పోయిందని తంతి కొట్టరు. తెలివైన సబ్ ఎడిటరు 'తీవ్రంగా గాయపడ్డారు' అని రాసి గట్టెక్కేవాడు. ఆ తంతి సర్వీసు 2013 జులైలో దేశమంతా ఆగిపోయింది.

ట్రంకు కాల్‌లో ఇంకో తంటా. గుంతకల్లు నుంచో రాయదుర్గం నుంచో వచ్చే లైన్లో చెరువులోంచి మాట్లాడినట్టు వినపడేది. ఇరవైకి, అరవైకి తేడా తెలిసేది కాదు. అందుకే డెస్క్‌లో ఒక నియమం. అంకెను మాటగా చెప్పి, మళ్లీ విడివిడిగా చెప్పించుకోవాలి. "అరవై, ఆరు సున్నా." ఇది పాటించని రోజున ఇరవై గొర్రెలు చస్తే అరవై చచ్చేవి. మర్నాడు ఆ కాపరికి వచ్చిన సానుభూతి ఇంతా అంతా కాదు.

గిలక్కాయ యంత్రం

దేశం వార్తలు వచ్చేది టెలిప్రింటర్ మీద. వార్తాసంస్థలు పీటీఐది ఒకటి, యూఎన్ఐది ఒకటి. నిమిషానికి 66 పదాల వేగంతో పగలూ రాత్రీ కొట్టుకుంటూనే ఉండేవి. పెద్ద వార్తకు ముందు గంటలు మోగేవి. అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండానే లేచొచ్చేవాడు.

దాని జబ్బు ఒకటి చెప్పాలి. ఆ యంత్రంలో అక్షరాలకూ అంకెలకూ ఒకటే సంకేతం. మధ్యలో 'ఇక అంకెలు', 'ఇక అక్షరాలు' అని ఒక గుర్తు వస్తుంది, దాన్నిబట్టి మీట మారుతుంది. లైనులో చిన్న అంతరాయం వచ్చి ఆ గుర్తు పోయిందా, అక్కణ్ణుంచి అంకెలు పడాల్సిన చోట అక్షరాలు, అక్షరాలు పడాల్సిన చోట అంకెలు. టైపురైటర్ పై వరసే దానికి తాళంచెవి. క్యూ అంటే ఒకటి, డబ్ల్యూ రెండు, ఇ మూడు, ఆర్ నాలుగు, టి అయిదు, అలా వెళ్లి పి అంటే సున్నా. తుపాను వార్తలో 'టి పి పి గ్రామాలు' అని పడితే అయిదు వందల గ్రామాలన్నమాట. రాత్రి డ్యూటీలో పాతికేళ్లు చేసినవాళ్లు దాన్ని పంచాంగంలా చదివేసేవాళ్లు.

చుక్క పోయిన వాన

అనంతపురం జిల్లాలో అన్నిటికంటే ఎక్కువ మంది చదివింది వానల పట్టిక. సంపాదకీయం కూడా దాని తర్వాతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, లక్షల హెక్టార్లలో వర్షాధారపు వేరుశనగ. విత్తనం వేసేంతగా ఎక్కడ నేల పదునైంది, ఎక్కడ కాలేదు అన్నదే జూన్, జులైలలో అసలు రాజకీయం. మండలాఫీసు ఆవరణలో వానకొలత డబ్బా ఉంటుంది, పొద్దున ఎనిమిదిన్నరకు కొలుస్తారు. 63 మండలాల అంకెలు జిల్లా కేంద్రానికి చేరి, అక్కడ నుంచి పత్రికకు వచ్చి, చిన్న అక్షరాల్లో పట్టికగా పడేవి. నాలుగు మిల్లీమీటర్లంటే దుమ్ము అణగడానికే. 20, 25 పడితే ఎర్రనేలల్లో విత్తనం వేసుకోవచ్చు.

ఇక్కడే ఒక తప్పు పదే పదే దొర్లేది. 4.2 పడాల్సిన చోట 42 పడేది. కంపోజింగులో సరిగ్గానే ఉండేది, ప్రూఫులో సరిగ్గానే ఉండేది, అచ్చులో చుక్క మాయం. చాలాకాలం ప్రూఫ్ రీడర్లనే తిట్టారు. ఒక రాత్రి ఎవరో నెగటివ్ గదిలోకి వెళ్లి నిలబడి చూస్తే సంగతి బయటపడింది.

అప్పట్లో ఆఫ్‌సెట్ అచ్చుకు పేజీ మొత్తాన్ని ఫొటో తీసి నెగటివ్ చేసేవాళ్లు. నెగటివ్ నల్లగా ఉంటుంది, అక్షరాలున్న చోట మాత్రం వెలుతురు పారుతుంది. గాజుబల్ల కింద ట్యూబులైట్లు వేసి దాని మీద నెగటివ్ పరిచేవాళ్లు. గదిలో దుమ్ము పడిన చోటల్లా సూది మొనంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే పేపర్లో నల్లచుక్కలై తేలతాయి. అందుకని రీటచింగ్ చేసేవాడు సన్న కుంచెతో, ఎర్రరంగు ద్రావకంతో ఒక్కో చుక్కనూ కప్పుకుంటూ పోయేవాడు. ఎండాకాలం అనంతపురంలో దుమ్ముకు కొదవా? వందల చుక్కలు. ఆ కప్పే వేగంలో దశాంశ బిందువు కూడా దుమ్ము చుక్కే. నెగటివ్ మీద ఆ రెంటికీ తేడా లేదు, పైగా అంకెలు తిరగబడి ఉంటాయి.

ఆ రాత్రి తర్వాత వానల పట్టిక చుట్టూ సన్న గీతతో పెట్టె కట్టి, నెగటివ్ గది గోడ మీద చాక్‌పీసుతో రాశారు: పెట్టెలో చుక్కలు ముట్టుకోవద్దు.

డార్క్‌రూములో ఇంకో వేసవి బాధ. ఫిల్ము కడిగే ద్రావకం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలేవి. ఆ నీళ్లతో కడిగితే ఫిల్ము మీది పూత ఉబ్బి, ముఖమంతా ఎండిన చెరువులా బీటలు. కొత్త కుండలో రాత్రి నుంచీ నిలవుంచిన నీళ్లు, చాలకపోతే కుండ చుట్టూ ఐసు. ఐసు ముక్క ద్రావకంలోనే వేసేస్తే అది పలచబడి బొమ్మ తేలిపోయేది. అదీ ఒకరు చేసి చూసిందే.

మినీ వచ్చాక

1989లో ఈనాడు జిల్లాకో చిన్న పత్రికను తెచ్చింది. తర్వాత మిగతావాళ్లూ అదే దారి. పెద్ద సైజు పత్రిక మెయిన్, దాని కడుపులో సగం సైజు జిల్లా పత్రిక మినీ. అంతకుముందు జిల్లా మొత్తానికీ దొరికేది ఒక పేజీలో కొంత భాగం. ఊరి బోరుబావి ఎండిందని పత్రికలోకి ఎక్కించడం గగనం. మినీ వచ్చాక ఒక్కో మండలానికీ కొంత చోటు. బడికి కప్పు లేదని, కరెంటు తీగ వేలాడుతోందని, రేషన్ డీలరు తూకంలో కోత పెడుతున్నాడని. వార్త పడిన రెండో రోజే లైన్‌మన్ నిచ్చెనతో వచ్చిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. చిన్న ఉద్యోగికి భయం పుట్టించడంలో మినీని మించింది రాలేదు.

కంట్రిబ్యూటరుకు జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన ఇచ్చేవాళ్లు. నెలాఖరున తన వార్తలన్నీ కత్తిరించి తెల్లకాగితాల మీద అంటించి, కొలతలు వేసి పంపాలి. అలాంటప్పుడు వార్తను సాగదీయకుండా ఎవరుంటారు? సభ జరిగితే వేదిక మీదున్న పద్దెనిమిది మంది పేర్లూ రాసేవాడు. డెస్క్‌లో మూడు పేర్లుంచి 'తదితరులు పాల్గొన్నారు' అని కొట్టేసేవాళ్లు. తెలుగు పత్రికల్లో 'తదితరులు' అన్న మాట చేసినన్ని గొడవలు ఏ మాటా చేసి ఉండదు. ఆ మాటలోకి జారిపోయిన పెద్దమనిషి పొద్దున్నే ఏజెంటు ఇంటి ముందు నిలబడి, "నేను తదితరుణ్ణా అప్పా?" అని అడిగి, రెండు కాపీలు మానిపించేవాడు.

పంద్రాగస్టుకూ సంక్రాంతికీ అదే కంట్రిబ్యూటరు ప్రకటనలు కూడా తేవాలి. ఎవరి దగ్గర తెచ్చాడో వాళ్ల మీద ఇక రాయలేడు. ఈ ఏర్పాటు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలియదని నేను నమ్మను.

తెల్లారగట్ల బస్టాండు అరుగు మీద మెయిన్ కట్టలొక పక్క, మినీ కట్టలొక పక్క విప్పుకుని కుర్రాళ్లు గుండ్రంగా కూర్చునేవాళ్లు. ఎడమ చేత్తో మెయిన్ మడత తెరవడం, కుడి చేత్తో మినీ దూర్చడం. నూరు పేపర్లు అయిదారు నిమిషాల్లో. వీధి దీపం కింద ఆ సరసర శబ్దం తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అప్పుడే దిగిన రాత్రి బస్సు జనం ఎవరో ఒకరు ముందు మినీనే లాక్కుని చూసేవాళ్లు. పేపరు తిరగేస్తూ అడిగే ప్రశ్న కూడా ఒకటే.

"మన వూరిది వచ్చినాదన్నా?"

"వచ్చిండాది."

"మెయిన్‌లోనా?"

"లేదప్పా, మినీలో ఏసినారు."

అడిగినవాడి మొహం కొంచెం వాడేది. వాడికి తెలుసు, మినీ జిల్లా పొలిమేర దాటదు. హైదరాబాదులో మంత్రి చేతికొచ్చే పేపర్లో అనంతపురం మినీ ఉండేది కాదు, ఆయనకు వెళ్లేది హైదరాబాదుది.

పొలిమేర అంటే మాటవరసకు కాదు. కొలిమిగుండ్లవాళ్ల బేరాలన్నీ తాడిపత్రిలోనే. కానీ ఆ మండలం అప్పుడు కర్నూలు జిల్లా, వాళ్లకు పడేది కర్నూలు మినీ. తాడిపత్రి మార్కెట్ సంగతి వాళ్ల పేపర్లో ఉండదు. ఎక్కడో వందకిలోమీటర్ల అవతల ఆదోనిలో పత్తి ధర మాత్రం ఉంటుంది. వ్యాను డ్రైవరు పొరబాటున కట్టలు తారుమారు చేసిన రోజునే అటూ ఇటూ జనానికి పక్క ఊరి సంగతి తెలిసేది. పొరబాటైందని ఫిర్యాదులు కూడా ఆ రోజే ఎక్కువ.

అన్నిటికంటే స్పష్టంగా ఇది కనిపించింది హెచ్చెల్సీ నీళ్ల దగ్గర. తుంగభద్ర డ్యాం నుంచి వచ్చే ఎగువ కాలువ అది. మన రాష్ట్రం వాటా 32.5 టీఎంసీలు. డ్యాంలో పూడిక పెరిగాక చాలా ఏళ్లు అంత రానే లేదు. ఆ తక్కువ నీళ్లనే అనంతపురమూ కడపా పంచుకోవాలి. ఒక రాత్రి డెస్క్ మీద రెండు మినీల మొదటి పేజీలు పక్కపక్కన ఆరుతున్నాయి. అనంతపురం దాని మీద, మన నీళ్లు కడపకు తరలిపోతున్నాయని. కడప దాని మీద, పులివెందుల కాలువకు రావాల్సిన నీళ్లు అనంతపురంలోనే ఆపేస్తున్నారని. ఒకే పత్రిక, ఒకే తేదీ, అక్షరాల సైజు కూడా ఒకటే. డ్యాంలో నీళ్లే తగ్గాయన్న వార్త మెయిన్‌లో లోపలి పేజీలో చిన్నగా ఉంది. ఆ రెండు హెడ్డింగులూ కలిపి చూసినవాళ్లు ఆ రాత్రి ఆ గదిలో ఉన్న ఏడెనిమిది మందే. ఎవరో అన్నారు, రెండూ కలిపి మెయిన్‌లో వేస్తే? పేజీలు వెళ్లిపోయాయి అన్నారు ఇంకెవరో. నిజంగానే వెళ్లిపోయాయి.

1928లో నంద్యాల సభలో ఈ జిల్లాలన్నిటికీ కలిపి రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు, అంతకుముందు దత్త మండలాలనేవాళ్లు. దానికి రెండేళ్ల ముందే పప్పూరు రామాచార్యులు ఈ జిల్లాలోనే శ్రీ సాధన పత్రిక పెట్టారు. సీమ కష్టాలూ స్వాతంత్ర్యోద్యమమూ ఆ ఒక్క వారపత్రికలోనే. పాత సంచికలు చూసిన ప్రూఫ్ రీడర్ ఒకాయన మినీ కాగితం ఊపుతూ, "మళ్లీ దత్త మండలాలు చేస్తిరి కదరా" అనేవాడు.

2000 ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు కొస నుంచి మాడిపోవడం మొదలైంది. ఒక్కో మండలం నుంచి ఒక్కో కవరు. ఊళ్లలో బుడ్డల చెట్లు అంటారు, కంట్రిబ్యూటరు కూడా అలాగే రాసేవాడు. డెస్క్ దాన్ని 'వేరుశనగ' అని దిద్ది, 'మొవ్వకుళ్లు తెగులు' అని హెడ్డింగు పెట్టి, ఏ మండలానిది ఆ మండలం పేజీలో సింగిల్ కాలమ్‌గా వేసుకుంటూ పోయింది. రోజుకు మూడు, నాలుగు. ఎవరూ కూడి చూడలేదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అది మొవ్వకుళ్లు కాదని, పొగాకుకు వచ్చే వైరస్ వల్ల వచ్చిన కాండంకుళ్లు అని, వయ్యారిభామ మొక్కల నుంచి వ్యాపిస్తోందని తేల్చారు. అప్పటికి రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటే. ఆ వార్త మెయిన్‌లో వచ్చింది. సింగిల్ కాలమ్‌లన్నీ అప్పటికే కత్తిరించి, స్కేలుతో కొలిచి, అంటించి, సెంటీమీటర్లకు డబ్బులు కూడా ఇచ్చేశారు.

పొలిమేర లేనిది

రేడియోకు ఈ గొడవ లేదు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి, మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్. సీమ నాలుగు జిల్లాల్లోనూ పొలం గట్టు మీద వినపడేది. తీరిక లేనివాళ్లూ చదువు రానివాళ్లూ దాన్నే నమ్ముకున్నారు. అయితే అది ప్రభుత్వం గొంతు. ఎమర్జెన్సీలో మరీను. 1977 మార్చి ఫలితాల రాత్రి గురించి పెద్దవాళ్లు చెప్పేవాళ్లు, హోటలు ముందు రేడియో చుట్టూ గుంపు, ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకుపోతోందని వార్తలు, మన రాష్ట్రంలో 42లో 41 కాంగ్రెస్‌కే అని తేలడం. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. గెలిచింది మన జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి. జులైలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ వార్తకు మెయిన్, మినీ అన్న పేచీ లేదు, అప్పటికి మినీ పుట్టలేదు కూడా.

బస్టాండు గోడకు ఇనప డబ్బాలు ఇప్పుడు లేవు. మేకులు దిగిన రంధ్రాలు కూడా టైల్స్ కిందికి పోయాయి. ముందు ఫ్యాక్సు వచ్చింది, తర్వాత మోడెమ్, ఆ తర్వాత ఫోనులోనే అంతా. కదిరి బస్సు బుట్టలు దింపేసుకున్నాక, పూల వ్యాపారి డ్రైవరుతో లెక్క చూసుకుంటున్నాడు. ఏడు బుట్టలకు ఆరే ఉన్నాయట. ఏడోది సీటు కింద చూడమని చెప్పాను. అక్కడే ఉంది.